కుర్చీల రోజు

నా డాన్స్ క్లాసులో ఏడాదికి మూడు నాలుగు సార్లు కుర్చీలు వేసేదాన్ని. కుర్చీలు వేశామంటే ఆ వారం తల్లిదండ్రులు లోపలికి వచ్చి కూర్చుని, పిల్లలు ఎంతవరకు నేర్చుకున్నారో చూసేవారన్నమాట. పిల్లలు దానికి ‘చైర్ డే’ అని పేరు పెట్టుకున్నారు. పేరెంట్స్ డే అనాలర్రా అని నేను ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోలేదు. వాళ్ళకి కనిపించేవి కుర్చీలే మరి. అమ్మానాన్నల ముఖాలు ఫోన్ల వెనకాల ఉండేవి.

ఈ కుర్చీల రోజంటే నాకు ఒళ్ళుమంట. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు, ఇక్కడా దాచను.

మాది ఇర్వింగ్. ఒక స్ట్రిప్ మాల్‌లో నా గది. ఒకవైపు ఇండియన్ గ్రోసరీ, ఇంకోవైపు టాక్సులు ఫైల్ చేసిపెట్టే ఆఫీసు. నాకంటే ముందు అందులో కరాటే నేర్పేవారట, గోడ పొడవునా ఉన్న అద్దం వాళ్ళు పెట్టించిందే. గుమ్మం పక్కన ఒక కార్పెట్ పట్టీ ఉంటుంది, అది దాటితే అంతా చెక్క నేల. నాకున్న నియమాలు రెండే. కార్పెట్ దాటితే కాళ్ళకి ఏమీ ఉండకూడదు. క్లాసులో ఫోన్ ఉండకూడదు. కుర్చీల రోజున రెండో నియమం ఎలాగూ గాలికి పోయేది. మొదటిదాన్ని మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ మీరలేదు, నేను చెప్పబోయే ఆ ఒక్కరోజు తప్ప.

శనివారం పొద్దుటి క్లాసు బుడ్డవాళ్ళది. మూడున్నర నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలు. బోర్డు మీద కూచిపూడి అని రాసి ఉంటుంది కానీ ఆ వయసులో కూచిపూడి ఎక్కడిది? ముందు నిలబడటం నేర్పాలి. పాట ఆగితే ఆగటం నేర్పాలి. పక్కపిల్ల జడ లాగకుండా ఉండటం నేర్పాలి. కుడికాలు అంటే కుడికాలే ఎత్తటం నేర్పాలి. దానికే ఒక చలికాలం పడుతుంది. మోకాళ్ళు వంచి అరమండిలో కూర్చోండర్రా అంటే సగంమంది నేలమీద చతికిలబడి బాసింపట్టు వేసుకుంటారు. ప్రీస్కూల్లో కూర్చోవటమంటే అదే కదా. వాళ్ళ తప్పు ఏమీ లేదు.

వీటన్నిటికంటే ముందు నమస్కారం నేర్పుతాను. డాన్స్ మొదలుపెట్టే ముందు వంగి నేలని తాకి, ఆ చేతులు కళ్ళకి అద్దుకుని, లేచి చేతులు జోడించటం. మనం నేల మీద దబదబా కాళ్ళు వేస్తాం కదా, అందుకని తొక్కబోయే ముందే క్షమించమని అడుగుతాం. మా గురువుగారు నాకు అలాగే చెప్పారు, నేనూ అలాగే చెబుతాను. ఇది పిల్లలకి చెప్పటం చాలా తేలిక. నెట్టినందుకు, గిల్లినందుకు సారీ చెప్పటం వాళ్ళకి రోజూ ఉన్న పనే. నేలకి సారీ చెప్పమంటే వాళ్ళకి వింతగా ఉండదు. పెద్దవాళ్ళకే నవ్వొస్తుంది.

మొదట్లో ఈ కుర్చీల గోల లేదు. తల్లిదండ్రులు పిల్లల్ని దింపి, పక్కన కూరలు కొనుక్కుని, కార్లో కాసేపు కూర్చుని, టైముకి వచ్చి తీసుకెళ్ళేవారు. తర్వాత వాట్సాప్ గ్రూప్ ఒకటి పెట్టుకున్నారు. పెట్టిన వారంలోనే, లోపల ఏం జరుగుతోందో మాకు తెలియట్లేదు అని ఎవరో అన్నారు. ప్రోగ్రెస్ చూపించండి మేడమ్ అని ఇంకెవరో అన్నారు. న్యాయమైన మాటేననుకున్నాను. వారమంతా ఆఫీసులో పడి ఉండి, శనివారం నిద్ర మానుకుని, పిల్లని కార్‌సీట్లో కట్టి హైవే మీద తీసుకొచ్చిన మనిషి, ఏం నేర్పుతున్నావమ్మా అని అడిగితే తప్పేముంది? సరే, వచ్చి చూడండి అన్నాను. చూడటానికి రమ్మంటే తనిఖీకి వచ్చారు.

ఆ రోజు చూడాలి తమాషా. నేను ముందు నిలబడి అడుగు చూపిస్తుంటే, కుర్చీల్లో తల్లులు చేతులు ఊపుతూ వాళ్ళ పిల్లలకి వేరే అడుగు చూపిస్తుంటారు. పిల్ల నన్ను చూడాలా, అమ్మని చూడాలా, అద్దంలో తనని తాను చూసుకోవాలా? మూడువైపులా చూసి ఏడుపు అందుకుంటుంది. ఒకాయన ఫోన్ పట్టుకుని వంగి వంగి కార్పెట్ అంచుదాకా పాక్కుంటూ వస్తాడు. ఇంకొకావిడ తన పిల్లని వదిలేసి పక్కవాళ్ళ పిల్ల వేళ్ళు చూస్తుంటుంది. వాళ్ళమ్మాయి ముద్ర పట్టేస్తోందే, మనది ఇంకా గుప్పిట తెరవట్లేదే అని మొగుడి చెవిలో చెబుతుంది, నాకు వినపడేట్టు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నమస్కారం కూడా కుదరని పిల్ల తల్లి వచ్చి, దీపావళి ప్రోగ్రాంకి ఏ రంగు డ్రెస్ కుట్టించమంటారు అని అడుగుతుంది. నవ్వి ఊరుకుంటాను. ఇంటికెళ్ళి మా ఆయన మీద అరుస్తాను.

ఇక అసలు సంగతికి వస్తాను. నిరుడు ఇక్కడ బళ్ళు తెరిచిన కొత్తలో ఒక పిల్ల చేరింది. నాలుగేళ్ళు నిండాయో లేదో. ఉంగరాల జుట్టు, ఎంత గట్టిగా అల్లినా క్లాసు సగమయ్యేసరికి జడ ఊడిపోయేది. మొదటి రెండు శనివారాలు వాళ్ళమ్మ చున్నీ వదల్లేదు. మూడోసారి వాళ్ళమ్మని గుమ్మం బయట నిలబెట్టి, పిల్లలందరినీ నేలమీద కూర్చోబెట్టి, నమస్కారం ఎందుకో చెప్పాను. అందరూ తలలూపారు. ఈ పిల్ల మాత్రం చున్నీ చివర కోసం వెతికిన చేతిని నేలమీద ఆనించి అడిగింది.

“భూమికి నొప్పి వస్తుందా ఆంటీ?”

“గట్టిగా తొక్కితే వస్తుందేమో. అందుకే ముందు అడగాలి.”

“అడిగితే ఎస్ చెప్తుందా?”

“ఇంతవరకూ నాకైతే కాదనలేదు.”

ఆ రోజు నుంచి ఆ పిల్ల నమస్కారం తీరే వేరు. మిగతా పిల్లలు వంగి, తాకి, చటుక్కున లేచేవారు. ఈ పిల్ల నేలని తాకి, కళ్ళకద్దుకుని, తల కాస్త పక్కకి వంచి ఆగేది. జవాబు కోసం. జవాబు వచ్చిందనిపించాక లేచేది. అప్పటికి మిగతావాళ్ళు ఒక అడుగు వేసేసి ఉండేవారు. నేను తొందరపెట్టలేదు. లేచాక ఆ అడుగేదో వాళ్ళతో కలిపేసుకునేది. కాళ్ళు మెత్తగా వేసేది, అందుకని చప్పుడు వచ్చేది కాదు. కానీ తాళం తప్పేది కాదు. ఒకసారి పిల్లలు ధ్యాసగా ఉన్నారో లేదో చూద్దామని నేను కావాలని ఎడమకాలితో మొదలుపెట్టాను. అందరూ నా వెనకే ఎడమకాలు ఎత్తారు. ఈ పిల్ల మాత్రం ఆగిపోయి, “ఆంటీ, రైట్ లెగ్ ఫస్ట్” అంది. నాలుగేళ్ళ పిల్ల నోట ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నేర్పే వాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

చలి మొదలయ్యేసరికి మొదటి కుర్చీల రోజు వచ్చింది. ఆ పిల్ల లోపలికి వచ్చి కుర్చీలని చూసింది, ఫోన్లని చూసింది, వెళ్ళి తన చోట నిలబడింది. నమస్కారం చేసింది. తల వంచి ఆగింది. లేచింది. అంతే. చెక్క మీద నా కర్ర తాళం వేస్తూనే ఉంది, మిగతావాళ్ళు తోచినట్టు గెంతుతూనే ఉన్నారు, ఈ పిల్ల ఓణీ అంచు నోట్లో పెట్టుకుని రాయిలా నిలబడిపోయింది. కుర్చీలోంచి వాళ్ళ నాన్న గొంతు తగ్గించి అంటూనే ఉన్నాడు. “చెయ్యమ్మా. చెయ్యి తల్లీ. అందరూ చూస్తున్నారు.” అందరూ చూస్తున్నారనే కదయ్యా ఆ పిల్ల ఆగిపోయింది!

క్లాసయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. లాస్ కొలినాస్‌లో ఏదో ఆఫీసులో మేనేజరు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, మర్యాదైన మాట. కోపం తెప్పించే మర్యాద.

“మేడమ్, ఒక ఫైవ్ మినిట్స్. ఇంప్రూవ్‌మెంట్ ఏమీ కనపడట్లేదండీ.”

“క్లాసులో బాగా చేస్తుందండీ. ఇవాళ బెదిరింది.”

“అయ్యుండొచ్చు. కానీ మాకు కనపడాలి కదా. బాగా చేసినప్పుడు ఒక వీడియో తీసి పంపండి.”

“క్లాసులో నేను ఫోన్ ముట్టుకోనండీ.”

“అలా అంటే ఎలా మేడమ్? మా టీమ్‌లో రెండు వారాలకోసారి డెమో ఇస్తాం. డెమో ఇవ్వకపోతే పని జరిగిందని ఎలా తెలుస్తుంది?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డెమో! మా ఆయనదీ అదే ఉద్యోగం. డెమో ముందురోజు ఆయన ముఖం చూస్తే చాలు, డెమోలో కనపడేదానికీ జరిగిన పనికీ ఎంత చుట్టరికమో తెలిసిపోతుంది. అరచేతిలో వైకుంఠం చూపించే విద్యలో ఆరితేరినవాళ్ళు, నాలుగేళ్ళ పిల్ల దగ్గర కూడా అదే కావాలంటారు. అది పిల్ల, మీ టీమ్‌లో ఉద్యోగి కాదు అని అనబోయాను. అంతలో వాళ్ళావిడ పిల్లకి జాకెట్ తొడుగుతూ నా కళ్ళలోకి చూసింది. ఆవిడ ముఖం చూసి నోరు మూసుకున్నాను.

ఆయన ఆగలేదు. “ఇంకో సంగతి మేడమ్. ఈ నేలకి దండం పెట్టటం మరీ ఎక్కువైపోయింది. పార్కులో స్లైడ్ ఎక్కాలన్నా ముందు కింద కూర్చుని నేల ముట్టుకుంటోంది. ఈ గ్రోసరీ పార్కింగ్ లాట్‌లో గెంతులు వేస్తుంది చూడండి, దానికీ అంతే. మధ్యలో కూర్చుంటుంది, వెనకాల కార్లు ఆగిపోతాయి. చెయ్యి పట్టుకుని లాక్కొస్తే ఏడుపు. మొన్న సాకర్‌లో బాల్ వచ్చి కాళ్ళ దగ్గర పడితే తన్నకుండా వంగి దండం పెట్టింది. కోచ్ మా వైపు చూస్తున్నాడు. చేతులనిండా మట్టి. అది కాస్త మాన్పించండి ప్లీజ్.”

పార్కులో, పార్కింగ్ లాట్‌లో, ఆటస్థలంలో, ఎవరూ చెప్పకుండా, ఎవరూ కర్ర తట్టకుండా, తొక్కబోయే ప్రతిచోటా ఆ పిల్ల ఆగి అడుగుతోంది. ఇన్నేళ్ళుగా ఎంతోమంది పిల్లలకి నమస్కారం నేర్పాను. వాళ్ళలో చాలామందికి అది డాన్స్‌కి ముందు వచ్చే ఒక కసరత్తు. నేర్పినది నేర్పినట్టు నమ్మి, గది దాటించి బయటికి తీసుకెళ్ళిన పిల్ల ఇదొక్కతే. దాన్ని ఈయన ఫిర్యాదుగా పట్టుకొచ్చాడు. నాకు సంతోషం, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి.

“అదేనండీ ప్రోగ్రెస్సు” అన్నాను. “ఇందాక చూపించమన్నారే, మీరు చెప్పినదే అది.”

ఆయన నవ్వాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడుతోంది ఈవిడ అనే నవ్వు. “మీరు భలే జోక్ చేస్తారు మేడమ్” అని, పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

కొత్త సంవత్సరం వచ్చాక ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. శనివారం అదే టైముకి చిన్నపిల్లల కోడింగ్ క్లాసు ఒకటి మొదలైందట. ఈసారి చైర్ డేకి వచ్చి చూసి డిసైడ్ చేస్తామని రాశాడు. పాలపళ్ళయినా ఊడని పిల్లకి కోడింగ్ ఏమిటో, అది ఎవరికి చూపించుకోవటానికో నాకు తెలియదు. అక్కడ మాత్రం కుర్చీలు వేయరా? వేస్తారు. అక్కడ పిల్ల బదులు స్క్రీన్ ఆడుతుంది, కాబట్టి అందరికీ కనపడుతుంది.

ఆ వారం వాళ్ళమ్మ పిల్లని దింపటానికి వచ్చి, గుమ్మం దగ్గర ఆగింది. 

“టీచర్ గారూ, ఇంట్లో ఎవరూ లేరనుకుని బెడ్‌రూమ్ అద్దం ముందు మొత్తం చేస్తుందండీ. నేను తలుపు చాటునుంచి చూస్తుంటాను.”

“మీవారికి చెప్పారా?”

“చెప్తే వీడియో తియ్యమంటారు. ఫోన్ తీస్తే ఇది మానేస్తుంది.” ఆవిడ ఆగి అంది. “శుక్రవారం రాగానే రేపు డాన్స్ కదా అని పదిసార్లు అడుగుతుందండీ. మాన్పిస్తే నేను చూడలేను.”

ఆవిడ వెళ్ళాక నాకు నిజంగానే ఒక ఆలోచన వచ్చింది. అద్దం మూల ఒక స్పీకర్ ఉంటుంది. దాని వెనకాల ఫోన్ ఆనిస్తే ఎవరికీ కనపడదు. ఒక్క నిమిషం వీడియో చాలు. అది ఆయన ఫోన్లోకి వెళ్తుంది, అక్కడినుంచి తాతయ్యల ఫోన్లలోకి వెళ్తుంది, పిల్ల నా క్లాసులో ఉంటుంది. అందరికీ మంచిదే. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ఆ పిల్ల నేలని కూడా అడక్కుండా తొక్కదు. దాన్ని అడక్కుండా నేనెలా తీస్తాను?

అడిగాను. “నిన్ను ఒక వీడియో తీయనా బంగారం, నాన్నకి చూపిద్దాం” అన్నాను.

కాస్త ఆలోచించింది. “నో థాంక్యూ” అంది. ప్రీస్కూల్లో నేర్పిన మర్యాద. ఫోన్ సంచిలో పడేశాను.

కుర్చీల రోజు వచ్చింది. నేనైతే నా చేతనైనంత చేశాను. కుర్చీలు గోడకి మరీ ఆనించి వేశాను. ఫోన్లు తీయకండి, ఒక్కసారికి మీ కళ్ళతో చూడండి అని గ్రూపులో ముందే రాశాను. అందరూ బొటనవేళ్ళు పెట్టారు. అందరూ ఫోన్లు తీశారు.

పిల్లలు నిలబడ్డారు. నమస్కారం చేశారు. మా ఉంగరాల జుట్టు పిల్ల నేలని తాకి, తల వంచి ఆగి, లేచింది. కర్ర తట్టాను. ఆ పిల్ల కుడికాలు ఒక వేలెత్తు లేచింది. నాకు కనపడింది, ఒట్టు. సరిగ్గా అప్పుడే కుర్చీలోంచి మాట వచ్చింది.

“చెయ్యమ్మా. అందరూ చేస్తున్నారు చూడు. కమాన్.”

కాలు దిగిపోయింది. ఓణీ అంచు నోట్లోకి వెళ్ళింది.

ఆయన ఇంక ఆగలేకపోయాడు. ఒక చేత్తో ఫోన్ అలాగే పట్టుకుని లేచాడు. కార్పెట్ అంచు దాకా వచ్చాడు. పక్క కుర్చీలో ఉన్న వరంగల్ ఆవిడ, ఇంకో పిల్ల తల్లి, మెల్లగా అంది. “అన్నా, షూ ఇడిసి పోవాలె.” ఆయన వినలేదో, వినిపించుకోలేదో. బూట్లతో చెక్క నేలమీదికి వచ్చేశాడు. పిల్ల ముందు నిలబడి, “ఇలా అమ్మా, ఇలా. తై, తై” అంటూ బూటుకాలితో నేలమీద దబదబా కొట్టాడు. తాళం లేదు సరే, ఆ చప్పుడుకి మిగతా పిల్లలు కూడా ఆగిపోయారు. నా చేతిలో కర్ర ఆగిపోయింది. ఆ క్షణాన ఆ కర్రతో నాకు ఏం చేయాలనిపించిందో రాయను.

ఆ పిల్ల వాళ్ళ నాన్న ముఖం వైపు చూడలేదు. బూట్ల వైపు చూసింది. నోట్లోంచి ఓణీ తీసేసింది. వంగింది. ఆయన బూటు పక్కన నేలని రెండు చేతులతో తాకింది, కళ్ళకద్దుకుంది. అలాగే వంగి, నేలతో చెప్పింది. చిన్నగా చెప్పింది కానీ గదిలో వేరే చప్పుడు లేదు. అందరికీ వినపడింది.

“సారీ. నాన్న అడగలేదు. నాన్నకి తెలీదు.”

చెప్పి, తల పక్కకి వంచి, జవాబు కోసం ఆగింది.

ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఆయన ఒక కాలు కొంచెం ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక, మడమ మీద వెనక్కి తిరిగి కార్పెట్ మీదికి వెళ్ళిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. పిల్ల లేచి తన చోటికి వెళ్ళి నిలబడింది. నేను మళ్ళీ కర్ర తట్టాను. మిగతావాళ్ళు చేశారు. ఆ పిల్ల చేయలేదు. చివరిదాకా అలాగే నిలబడి ఉంది. ఆ పిల్ల చెప్పినదాని తర్వాత ఇంక నా తిట్లతో పనేముంది?

నేను కాస్త ఆశపడ్డాను. ఆ మాట విన్న మనిషి మారకుండా ఉంటాడా అనుకున్నాను. సోమవారం మెసేజ్ వచ్చింది. ఇన్నాళ్ళూ ఓపిగ్గా నేర్పినందుకు థాంక్స్ అనీ, పాపని వేరే యాక్టివిటీకి మారుస్తున్నామనీ. చివర రెండు నమస్కారం బొమ్మలు. పిల్ల నేలకి పెడితే మాన్పించమన్న మనిషి, నాకు ఫోన్లో రెండు పెట్టాడు!

నా కోపం అంతా ఇంతా కాదు. ఆ పిల్ల చేసిన తప్పేమిటి? నలుగురి ముందు తండ్రి తరఫున క్షమాపణ చెప్పటమా? అంత పెద్దమనిషికి అంత చిన్నపిల్ల చేసిన మర్యాద అది. దానికి సిగ్గుపడ్డాడు సరే, ఆ సిగ్గుకి శిక్ష పిల్లకి వేశాడు. వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడు ఒక్క మాట మెసేజ్ పెట్టింది, సారీ టీచర్ గారూ అని. ఆ ఇంట్లో సారీలు చెప్పేది ఎప్పుడూ వేరేవాళ్ళే. తర్వాతి శనివారం క్లాసులో వరంగల్ ఆవిడ కూతురు ఆ పిల్ల నిలబడే చోటు ఖాళీగా వదిలేసి పక్కకి జరిగి నిలబడింది. నేను సరిచేయలేదు.

కుర్చీలు మాత్రం తీసేశాను. గ్రూపులో గొడవ జరిగింది. ఇద్దరు ముగ్గురు మానేశారు. మాననీ. ప్రోగ్రెస్ చూడాలనుకున్నవాళ్ళు పార్కుకి వెళ్ళి, పిల్లకి కనపడకుండా ఒక చెట్టు చాటున నిలబడి చూడండని రాశాను. ఎవరూ బొటనవేలు పెట్టలేదు.

ఇక చెప్పబోయేది మొన్న ఎండాకాలం సంగతి. శనివారం క్లాసు ముగించుకుని వెళ్తూ, ఎటూ కదలనివ్వని ఎండలో, పక్క గ్రోసరీ ముందునుంచి కారు తిప్పుతున్నాను. దారికి అడ్డంగా ఒకాయన కూరల కార్టుతో ఆగి ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర ఉంగరాల జుట్టు పిల్ల ఒకతి, కింద కూర్చుని ఉంది.

చూడగానే గుర్తుపట్టాను. కాస్త పొడుగైంది. పార్కింగ్ గీతల మీద గెంతాలని దాని ఉద్దేశం. తారు కాలిపోతూ ఉంటుంది, అయినా వేళ్ళ కొసలతో తాకింది, కళ్ళకద్దుకుంది, తల పక్కకి వంచింది. ఆగింది. ఈయన చెయ్యి పట్టి లాగుతాడు చూడు అనుకున్నాను. హారన్ మీద చెయ్యి వేశాను కూడా, ఆయన మీద పాత కసితో.

ఆయన లాగలేదు. నా కారు వైపు తిరిగాడు. అద్దం మీద ఎండ పడుతోంది, లోపల ఉన్నది నేనని ఆయనకి తెలిసే అవకాశం లేదు. అరచెయ్యి ఎత్తి, ఆగండి అన్నట్టు చూపించాడు. ఒక పిల్ల నేలని ఏదో అడుగుతోంది, జవాబు వచ్చేదాకా ఆగాలి, అంతే.

ఆగాను. జవాబు వచ్చినట్టుంది, పిల్ల లేచింది. కుడికాలితో మొదలుపెట్టి, మెత్తగా, తాళం తప్పకుండా, ఒక గీత మీదనుంచి ఇంకో గీత మీదికి మొత్తం అడుగులన్నీ వేసుకుంటూ వెళ్ళింది. నేను నేర్పినవే. ఒక్కటీ మర్చిపోలేదు. క్లాసు మాన్పించినందుకు ఆయన మీద నా కోపం పోలేదు, పోదు కూడా. కానీ చూశాను. ఆయన ఒక చెయ్యి కార్టు మీద ఉంది, ఇంకో చెయ్యి నా కారుని ఆపుతూ గాల్లో ఉంది. ఫోన్ పట్టుకోవటానికి ఆయనకి చెయ్యి ఖాళీ లేదు.